కారు షెడ్డు తలుపు - సముద్రపు గాలి

ఈ సాయంకాలం నేను మనవి చేయబోయే విషయం వినడానికి చాలా చిన్నది. కారు షెడ్డుకు ఉండే చుట్ట తలుపును, అనగా మనమందరం షట్టరు అని పిలుచుకొనే ఇనుపరేకుల తలుపును, ఏ విధంగా శుభ్రపరచుకోవాలి, దానికి ఎక్కడ నూనె వేయాలి, ఎక్కడ వేయకూడదు అన్నదే ఆ విషయం. ఇంతమాత్రానికి ఒక ప్రసంగం కావలెనా అని శ్రోతలలో కొందరికి తోచవచ్చు. 2014వ సంవత్సరం వరకు నాకూ అట్లాగే తోచేది.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను యంత్రశాస్త్రం చదివినవాణ్ణి కాను. పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఈ కొద్దిపాటి విద్యలో సగం పెదవాల్తేరులోని మా ఇంటి షట్టరు నాకు నేర్పింది. తక్కిన సగం, ఓడల మరమ్మతు పనిలో వయసంతా గడిపిన ఒక వృద్ధ మేస్త్రి నేర్పినాడు.

2014 అక్టోబరు 12వ తేదీ ఆదివారం. ఆ తేదీ విశాఖపట్నం వారికి ఎవరూ గుర్తుచేయనక్కరలేదు. హుద్‌హుద్ తుపాను గంటకు 170, 180 కిలోమీటర్ల గాలితో వచ్చి, మధ్యాహ్నం వేళకు మన పట్టణం దగ్గరనే తీరం దాటింది. సాయంకాలానికి గాలి ఉధృతి తగ్గింది. వీధిలో విరిగిన కొమ్మలు, తెగిన తీగెలు, ఎగిరివచ్చిన రేకులు తప్ప మరేమీ కనిపించడం లేదు. విద్యుత్తు లేదు, టెలిఫోను లేదు. సరిగా ఆ సమయానికి మా తండ్రిగారికి ఆయాసం ఎక్కువైంది. వారికి అప్పటికి ఎనభై దాటినవి. ఇంట్లో కారు ఉన్నది, దానిలో పెట్రోలు ఉన్నది. కింగ్ జార్జి ఆసుపత్రి మామూలు రోజులలో మాకు పెద్ద దూరం కాదు. అబ్బాయి తాళాలు తీసుకొని షెడ్డు దగ్గరకు పరుగెత్తినాడు.

షట్టరు లేవలేదు. మోకాలి ఎత్తు వరకు లేచి, ఒక పక్కకు ఒరిగి, అక్కడే బిగుసుకొన్నది. నేను, అబ్బాయి, పొరుగింటివారు ఇద్దరు కలిసి ఎత్తినాము. కిందికి దించి మళ్ళీ ఎత్తబోతే దిగనూ లేదు. చివరకు గడ్డపార తెచ్చి, ఒక పక్క పట్టాను గోడ నుంచి పెకలించి, కారు పట్టేటంత దారి చేసుకొనే సరికి రెండు గంటలు గడిచినవి. లాంతరు వెలుతురులో ఆ రెండు గంటలు మా తండ్రిగారు వరండాలో కుర్చీమీద ముందుకు వంగి కూర్చొని ఊపిరి కోసం అవస్థపడుతూనే, "తొందరపడకండిరా, వేళ్ళు నలుగుతాయి" అని మాకు జాగ్రత్త చెబుతున్నారు. వారు ఆ రాత్రి గట్టెక్కినారు. మరి మూడేళ్ళు మా మధ్య ఉన్నారు. అయినా ఆ రెండు గంటలను నేను ఇప్పటికీ మరువలేదు.

ఆ తరువాత నెల్లాళ్ళ పాటు, తుపాను మా షట్టరును పాడుచేసిందని కనబడినవారందరికీ చెప్పుకొన్నాను. మరమ్మతుకు వచ్చిన మేస్త్రి ఆ మాట విని ఏమీ అనలేదు. పెకలించిన పట్టాలో ఒక మేకు పెట్టి గీరినాడు. నల్లగా, మట్టిముద్ద వలె ఏదో ఊడివచ్చింది. దానిలో రవ్వంత నాలుక చివర పెట్టుకొని ఉమ్మివేసినాడు. "నూనె పోసేరు గానీ బాబూ, ఉప్పు కడిగేరేటి?" అని అడిగినాడు.

నేను కడగలేదు. అంతకు ముందు ఏడాది షట్టరు కిర్రుమంటున్నదని వంటింటిలోని కొబ్బరినూనె తెచ్చి పక్క పట్టాలలో ధారాళంగా పోసినాను. నాలుగు రోజులు చప్పుడు లేదు. చప్పుడు లేదు గనుక జబ్బు లేదనుకొన్నాను. ఆ నూనె కింద ఉప్పు, ఉప్పు కింద తుప్పు తమ పని తాము చేసుకొంటూనే ఉన్నవి. తుపాను చేసిందల్లా ఆఖరి దెబ్బ వేయడమే.

ఇందులోని కారణం తెలుసుకోవడం కష్టం కాదు. ఇనుము తుప్పు పట్టడానికి రెండు వస్తువులు కావాలి. ఒకటి గాలిలోని ప్రాణవాయువు, రెండవది నీరు. పొడిగాలిలో ఇనుము ఏళ్ళ తరబడి నిగనిగలాడుతూ ఉండగలదు. సముద్రతీరాన అలలు విరిగినప్పుడు లేచే తుంపురులు గాలిలో తేలివచ్చి ఇనుము మీద ఉప్పుగా నిలుస్తాయి. ఉప్పుకు తేమను లాగుకొనే గుణమున్నది. గాలిలో తేమ సుమారు 75 శాతానికి చేరితే, వంటింటి ఉప్పు తనంతట తానే చెమర్చి నీరవుతుంది. వర్షాకాలంలో మన ఉప్పుజాడీని చూసినవారికి ఇది కొత్త కాదు. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకు అంత తేమ కూడా అక్కరలేదు. 33 శాతం చాలు. కనుక వాన లేని రోజున, ఎండ కాసే రోజున కూడా మన షట్టరు మీద కంటికి కనబడని తడి ఒకటి ఉంటూనే ఉంటుంది. పైగా ఉప్పునీటిలోని క్లోరైడు ఇనుము మీది రక్షణపొరను ఛేదించి తుప్పును త్వరపెడుతుంది.

మరొక సంగతి. తుప్పు తాను తిన్న ఇనుము కంటె రెండు మూడు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. షట్టరు అంటే ఏమిటి? ఒక దానిలో ఒకటి కొక్కెం వలె తగులుకొన్న సన్నని రేకు పట్టీలు. ఆ మడతలలో దారం పట్టేటంత సందు ఉన్నంత కాలం అవి చాప వలె చుట్టుకొంటాయి. సందులో తుప్పు ఉబ్బినదంటే రెండు పట్టీలు కలిసి ఒకే పలక అవుతాయి. పలక చుట్టుకోదు. మా ఇంట జరిగింది సరిగా అదే.

సముద్రానికి ఎంత దూరంలో ఇల్లున్నది అన్న ప్రశ్న ఇక్కడ ముఖ్యం. అలల నుంచి మొదటి కొద్ది వందల గజాలలోనే గాలిలోని ఉప్పు చాలా వరకు రాలిపోతుంది. కనుక బీచిరోడ్డు మీది ఇంటి షట్టరుకు, సింహాచలం కొండ కింది ఇంటి షట్టరుకు ఒకే లెక్క పనికిరాదు. రామకృష్ణా బీచిలో కురుసుర జలాంతర్గామిని చూడని విశాఖవాసి ఉండడు. సముద్రంలో మునిగి తిరగడానికే కట్టిన ఆ నౌకను 2002లో ఒడ్డున ప్రదర్శనశాలగా నిలిపినారు. నౌకాదళంలో పనిచేసిన దాని ఉక్కుకే ఈ గాలిలో రంగు, మరమ్మతు తప్పడం లేదంటే, వీధి చివరి వర్క్‌షాపులో చేయించిన పలచని రేకు సంగతి వేరే చెప్పాలా?

పాత పట్టణం వైపు, రేవుకు దగ్గరగా కాపురమున్న వారికి ఉప్పుతో పాటు దుమ్ము కూడా ఉన్నది. 1933లో తెరిచిన ఆ రేవులో ఖనిజం, బొగ్గు ఎగుమతి దిగుమతులు జరుగుతూ ఉన్నవి. వన్‌టౌను ఇండ్లలో కిటికీ అంచు మీద వేలు పెట్టి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఈ దుమ్ము జిడ్డుతో కలిసిందంటే సానపట్టే ముద్ద తయారవుతుంది. షట్టరును జారనివ్వడానికి మనం పెట్టిన గ్రీజే దానిని అరగదీస్తుంది. అందుచేతనే పక్క పట్టాలలో గ్రీజు పెట్టవద్దని మేస్త్రి నాతో ఒట్టు వేయించుకొన్నంత పని చేసినాడు.

ఇక పని ఎట్లా చేయాలో చెబుతాను. మొదట కడగాలి. నూనె మాట ఆ తరువాత. షట్టరును పూర్తిగా దించి, లోపలి వైపు, బయటి వైపు మంచినీటితో పైనుంచి కిందికి కడగాలి. మంచినీరు అని ప్రత్యేకించి చెప్పడానికి కారణమున్నది. తీరాన ఉన్న కొన్ని పేటలలో బోరునీరు ఉప్పగా ఉంటుంది. ఉప్పును ఉప్పుతో కడిగి లాభం లేదు. కొద్దిగా సబ్బునీరు, పాతబట్ట, గిన్నెలు తోమే పీచు, పళ్ళుతోముకొనే పాత బ్రష్షు ఇవి చాలు. రేకు మడతలలో బ్రష్షును అడ్డంగా నడపాలి. పక్క పట్టాల అడుగున, నేలకు తగిలే చోట, ఇసుక గూడుకట్టి ఉంటుంది. దానిని చీపురుపుల్లతో తీయాలి. తుప్పు మొదలయ్యేది సాధారణంగా అక్కడనే. షట్టరు అడుగు పట్టీ కూడా నీరు నిలిచే చోటే. పట్టాల కాళ్ళను సిమెంటులో గుంట చేసి పాతిపెట్టి ఉంటే, ఆ గుంటకు నీరు పోయే దారి ఒకటి చేయించాలి.

కడిగిన తరువాత ఆరనివ్వాలి. ఎండ ఉన్న రోజున ఉదయం కడిగితే మధ్యాహ్నానికి ఆరుతుంది. తడిమీద నూనె పోయడమంటే గాయం కడగకుండా కట్టు కట్టడం వంటిది. మా ఇంట్లో ఈ పని పెద్దపండుగ ముందు ఇల్లు దులిపే రోజులలో ఒకసారి, వానలకు ముందు జ్యేష్ఠమాసంలో ఒకసారి, తుపానులు వెళ్ళిన తరువాత కార్తీకం చివర ఒకసారి జరుగుతుంది. తీరానికి బాగా దగ్గరగా ఉన్నవారు ఉత్త కడగడం మాత్రం నెలకొకసారి చేసినా ఎక్కువ కాదు. నూనె ప్రతిసారీ అక్కరలేదు.

ఏ నూనె అన్నది తరువాతి ప్రశ్న. మన భాషలో కందెన అనే చక్కని మాట ఉన్నది. ఎడ్లబండి కాలంలో బండి కింద ఒక వెదురుగొట్టం వేలాడుతూ ఉండేది. గడ్డి కాల్చిన మసిని ఆముదంతో కలిపి ఆ గొట్టంలో ఉంచుకొని, ప్రయాణంలో చక్రం ఊడదీసి ఇరుసుకు రాసేవారు. నా చిన్నతనంలో మా ఊరి బండివాళ్ళ చేతులు ఎప్పుడూ ఆ కందెనతో నల్లగానే ఉండేవి. ఆముదం చిక్కనిది. బరువు పడినా ఇరుసుమీద నిలుస్తుంది. బండికి అది చక్కగా సరిపోయింది, ఎందుకంటే బండివాడు దానిని మాటిమాటికీ తుడిచి మళ్ళీ పెట్టేవాడు. ఏడాదికి రెండుసార్లు చూసే షట్టరుకు మాత్రం వంటనూనెలు, ఆముదం పనికిరావు. నువ్వులనూనె వంటివి గాలి తగిలి కొన్నాళ్ళకు బంకగా మారుతాయి. కొబ్బరినూనె అంత తొందరగా బంకకట్టదు గానీ, వెచ్చదనం తగ్గితే పేరుకొంటుంది. పుష్యమాసపు ఉదయాలలో సీసాలోని కొబ్బరినూనె గడ్డకట్టినట్లే పట్టాలో కూడా గడ్డకడుతుంది. మా ఇంటి నల్లముద్దలో అది కూడా పాలుపంచుకొన్నది.

కిరసనాయిలు తుప్పును వదులు చేస్తుంది, మురికిని కడుగుతుంది. అంతే. ఆవిరైపోయిన తరువాత ఇనుమును నగ్నంగా వదిలి పోతుంది. మోటారు మెకానిక్కు దగ్గర ఊరికే దొరుకుతుంది గదా అని కాలిన ఇంజను నూనె పూసేవారు అనేకమంది ఉన్నారు. దానిలో అరిగిన లోహపు పొడి, మండి మిగిలిన ఆమ్లాలు ఉంటాయి. చర్మానికి కూడా మంచిది కాదు. పిల్లలు ఆనుకొనే తలుపుకు దానిని పూయవద్దు.

నీలిరంగు డబ్బాలో పిచికారీగా వచ్చే డబ్ల్యూడీ-40 అనే ద్రవాన్ని గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది ఇప్పుడు ప్రతి హార్డువేరు దుకాణంలోనూ కనిపిస్తున్నది. 1953లో అమెరికాలో దానిని కనిపెట్టింది తేమను తరిమివేయడానికి. నలభయ్యవ ప్రయత్నంలో కుదిరింది గనుక ఆ అంకె పేరులో నిలిచింది. అట్లాస్ అనే క్షిపణి పైతొడుగు తుప్పు పట్టకుండా మొదట దానిని వాడినారు. బిగుసుకొన్న మడతను, తాళాన్ని కదిలించడానికి అది శ్రేష్ఠమైనది. కాని పలచనిది. దానినే కందెన అనుకొని వదిలేస్తే కొద్ది వారాలలో ఏమీ మిగలదు. దానితో కదిలించి, తుడిచి, ఆ తరువాత అసలు కందెన వేయాలి.

అసలు కందెన ఏదంటే, చోటును బట్టి ఉంటుంది. రేకు మడతలకు పలచని యంత్రనూనె, కుట్టుమిషనుకు వేసే వంటిది, గుడ్డతో తీసుకొని అడ్డంగా పూయాలి. పోయకూడదు. పూసిన తరువాత షట్టరును నాలుగైదుసార్లు ఎత్తి దించితే అది మడతలలోనికి దానంతట అదే పోతుంది. పైకి మిగిలిన జిడ్డును పొడిగుడ్డతో తుడిచివేయాలి. పక్క పట్టాలకు తడి కందెన వద్దన్నాను గదా. సిలికోను పిచికారీ దొరికితే అది వాడవచ్చు. దొరకకపోతే కొవ్వొత్తి. పట్టా శుభ్రంగా ఆరిన తరువాత లోపలి అంచులకు కొవ్వొత్తిని గట్టిగా రుద్దితే రేకు జారుతుంది, దుమ్ము అంటదు. ఇది మేస్త్రి చెప్పిన ఉపాయం. ఖర్చు ఏమీ లేదని మొదట నేను నమ్మలేదు. మనకు ఖర్చు లేని సలహా మీద గౌరవం తక్కువ.

పైన షట్టరు చుట్టుకొనే పైపు రెండు కొనల వద్ద బ్రాకెట్లలో తిరుగుతుంది. అక్కడ గ్రీజు కావాలి. గ్రీజు అంటే నూనెను సబ్బుతో చిక్కపరచినది. ఆ సబ్బు స్పంజి వలె నూనెను పట్టి ఉంచి, అవసరమైనంత విడుస్తూ ఉంటుంది. లిథియం సబ్బుతో చేసినది దుకాణాలలో సులభంగా దొరుకుతుంది, వేడికీ తేమకూ నిలుస్తుంది. చేతివేలు అంత చాలు. అయితే ఈ పని మనం చేసుకొనేది కాదు.

ఇక్కడ కొంచెం నిలిచి గట్టిగా చెప్పవలసిన సంగతి ఒకటి ఉన్నది. ఎనిమిది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు గల 18 గేజీ షట్టరు సుమారు 70 కిలోల బరువు ఉంటుంది. దానిని ఇంటి ఇల్లాలు ఒంటిచేత్తో ఎత్తగలుగుతున్నదంటే, ఆ బరువును మోస్తున్నది పైన పైపుమీద బిగించి చుట్టిన స్ప్రింగులు. షట్టరు దిగినప్పుడు అవి బిగుసుకొంటాయి, ఎత్తినప్పుడు తమ బలాన్ని తిరిగి ఇస్తాయి. నిచ్చెన వేసుకొని పైమూత విప్పి, బ్రాకెట్టు బోల్టు ఒకటి వదులు చేసినవాడి చేతిమీద ఆ బలమంతా ఒక్కసారిగా విడుదల అవుతుంది. మణికట్టు విరగవచ్చు, కన్ను పోవచ్చు. బేరింగులకు గ్రీజు పెట్టడం, స్ప్రింగులకు తుప్పు పట్టకుండా పలచగా నూనె పూయడం ఏడాదికొకసారి తెలిసిన మేస్త్రి చేతనే చేయించాలి. తుప్పు గాట్లు పడిన స్ప్రింగు చెప్పకుండా విరుగుతుంది.

స్ప్రింగు బలం ఎట్లా ఉన్నదో మాత్రం మనమే చూసుకోవచ్చు. కాళ్ళు దూరంగా పెట్టి, షట్టరును నడుము ఎత్తు వరకు ఎత్తి, చేతులు పూర్తిగా తీయకుండా మెల్లగా వదులు చేయాలి. అక్కడే నిలిచినదా, స్ప్రింగు సరిగా ఉన్నది. బరువుగా కిందికి జారిందా, స్ప్రింగు అలసినదని అర్థం. తనంతట పైకి లాగుకొంటే అతిగా బిగించినారన్నమాట. ఎత్తేటప్పుడు రెండు పిడులనూ పట్టి సమంగా ఎత్తాలి. ఒకే పక్క పట్టి లాగడం వలననే షట్టరు ఒరిగి పట్టాలో ఇరుక్కొంటుంది. తుపాను రాత్రి మేము చేసిన రెండవ తప్పు అదే.

కిందికి జారే షట్టరును రేపు చూద్దామని వాయిదా వేయవద్దు. సాయంకాలం బంతి లోపలికి దొర్లిందని పిల్లలు సగం ఎత్తిన షట్టరు కింద నుంచి దూరుతారు. మన పిల్లలు ఉద్యోగాలకు పోయి కాపురముంటున్న అమెరికాలో గ్యారేజి తలుపులు చుట్టుకోవు. నాలుగైదు పెద్ద పలకలుగా ఉండి చిన్న చక్రాలమీద పట్టాల వెంట పైకి పోయి, ఇంటికప్పు కింద పడుకొంటాయి. వాటిని మోటారు నడుపుతుంది. అట్లాంటి తలుపుల కింద చిక్కుకొని పిల్లలు మరణించినందున, 1993 నుంచి అక్కడ తయారయ్యే ఇంటి గ్యారేజి మోటార్లకు అడ్డు తగలగానే ఆగి వెనుకకు పోయే ఏర్పాటు చట్టప్రకారం తప్పనిసరి అయింది. అడుగున ఒక కాంతికిరణం అడ్డంగా పోతూ ఉంటుంది. పిల్లవాడు దానిని దాటితే తలుపు ఆగుతుంది. మన చేతి షట్టరుకు అట్లాంటి కన్ను లేదు. మనం చూడాలి.

మన ఊళ్ళో కూడా మోటారు షట్టర్లు వచ్చినవి. మీట నొక్కితే లేస్తాయి, వృద్ధులకు సుఖం. కాని హుద్‌హుద్ తరువాత మా వీధిలో కొన్ని రోజుల పాటు విద్యుత్తు లేదు. మోటారు పెట్టించుకొనేవారు, విద్యుత్తు లేనప్పుడు చేతితో ఎత్తడానికి గొలుసుగాని, తిప్పుడు పిడిగాని ఉన్నదా అని ముందే అడగాలి. ఉంటే దానిని ఆరునెలలకొకసారి వాడి చూడాలి. ఆ గొలుసు కూడా ఇనుమే, అదీ తుప్పు పడుతుంది.

తుప్పు పట్టిన తరువాత కందెన కంటె రంగుదే ఎక్కువ పని. తుప్పును తీగబ్రష్షుతోను, గరుకు కాగితంతోను మెరిసే ఇనుము కనబడే వరకు గీకి, అదే రోజున ప్రైమరు వేయాలి. పాతకాలంలో ఇనుముకు సిందూరం, అనగా ఎర్రసీసపు భస్మం, నూనెలో కలిపి పూసేవారు. బాగానే కాపాడేది గాని అది విషం. పాత గేటుకు ఉన్న అట్లాంటి రంగును పొడిగా గీకవద్దు, ఆ ధూళి పిల్లలకు హాని. ఇప్పుడు జింకు కలిసిన ప్రైమర్లు దొరుకుతున్నవి. జింకు యొక్క గుణం విచిత్రమైనది. ఇనుముతో కలిసి ఉన్నప్పుడు తుప్పుకు ముందుగా తానే ఆహుతి అయి ఇనుమును కాపాడుతుంది. విశాఖపట్నంలో 1977 నుంచి 2012 వరకు జింకు కరిగించిన కర్మాగారమే ఒకటి ఉండేది. అయినా మనలో చాలామంది షట్టరు చేయించేటప్పుడు జింకు పూత ఉన్న రేకు కావాలని అడగము. చదరపు అడుగుకు ఎంత అని మాత్రం అడుగుతాము. కొత్తగా చేయించుకొనేవారు ఆ మాట కూడా అడగండి. రేకు పట్టీల కొనలకు పక్క క్లిప్పులు వేసినారా అని కూడా చూడండి. అవి లేకపోతే పట్టీలు పక్కకు జరిగి పట్టాను రాపాడతాయి. తుపాను గాలికి షట్టరు ఉబ్బి పట్టాలలోనుంచి ఊడివస్తుంది.

తాళాల మాట మిగిలింది. షట్టరు తాళపుచెవి దూరే రంధ్రంలో నూనె పోస్తే దుమ్ము చేరి ముద్ద అవుతుంది. ఇత్తడి తాళమైతే పొడిగా ఉన్నప్పుడు రవ్వంత గ్రాఫైటు పొడి చాలు. పెన్సిలు ముల్లును చెక్కి ఆ పొడిని తాళపుచెవికి రాసి నాలుగుసార్లు తిప్పినా సరిపోతుంది. దసరాలో ఆయుధపూజ నాడు మన పట్టణంలో లారీల నుంచి లేతు యంత్రాల వరకు అన్నిటికీ పూజ జరుగుతుంది. మా ఇంట కారుకూ షట్టరుకూ బొట్లు పెడతాము. బొట్టు పెట్టడానికి ముందు కడుగుతాము గనుక ఆచారం మంచిదే. కాని నిమ్మకాయ పిండిన రసం, కొట్టిన కొబ్బరికాయ నీరు ఇనుము మీద ఆరనిస్తే మరునాటికి మరక పడుతుంది. నిమ్మరసం ఆమ్లం గదా. పూజ అయిన తరువాత తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే అమ్మవారికి కోపం రాదని మా ఆవిడను ఒప్పించడానికి నాకు రెండు దసరాలు పట్టింది.

ఇప్పుడు మా షెడ్డుకు ఉన్నది 2014 చివర వేయించిన షట్టరు. దాని పక్కనే గోడకు ఒక మేకు కొట్టి, దానికి చిన్న సంచీ తగిలించినాను. ఒక పాత బ్రష్షు, ఒక కొవ్వొత్తి, కుట్టుమిషను నూనె సీసా, రెండు గుడ్డముక్కలు అందులో ఉంటాయి. కడిగిన తేదీ, నూనె వేసిన తేదీ, మేస్త్రి వచ్చి స్ప్రింగులు చూసిన తేదీ గోడమీద సుద్దముక్కతో రాస్తాను. అది పాత ఉద్యోగపు అలవాటు. కిందటి వారం కడిగినప్పుడు కుడిపక్క పట్టా కాలి దగ్గర గోరంత మేర రంగు పొక్కి కనిపించింది. దానిని గీకి ప్రైమరు వేసినాను. రేపు ఎండ కాస్తే రంగు వేయాలి.